పాఠకుల ప్రశ్నలు, జవాబులు: పాత రైలు వంతెనను ఎప్పుడు మార్చాలి?

కాజీపేట–బల్హార్షా మార్గంలో సాగుతున్న మూడో లైను పనుల గురించి గత సంచికలో వేసిన వార్త చదివి, నదుల మీది పాత రైలు వంతెనల గురించి పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో నాలుగింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మంచిర్యాల నుంచి వరంగల్ వెళ్లిన ప్రతిసారీ గోదావరి దాటుతాము. వంతెన రాగానే మా నాయనమ్మ కిటికీలోంచి చిల్లర వేసి దండం పెట్టేది. ఇప్పుడు మా పిల్లలు కూడా అదే చేస్తున్నారు. ఈ రైలు మార్గం నిజాం కాలం నాటిదని, వందేళ్లు నిండిన వంతెన బలం కోల్పోతుందని ఈమధ్య ఫోన్లలో సందేశాలు తిరుగుతున్నాయి. వాటిని చదివినప్పటి నుంచి మనసులో భయం పట్టుకుంది. ఒక వంతెన పాతబడిందని, దాన్ని మార్చాలని ఏ ఆధారంతో నిర్ణయిస్తారు?
– ఒక ఉపాధ్యాయురాలు, మంచిర్యాల

జవాబు: వంతెనను మార్చాలా వద్దా అన్నది దాని వయసును మాత్రమే చూసి తేల్చరు. బీహార్‌లో సోన్ నది మీద 1862లో ప్రారంభమైన కోయిల్వర్ వంతెన మీదుగా నేటికీ రైళ్లు నడుస్తున్నాయి. దానికంటే అర్ధ శతాబ్దం తర్వాత, 1914లో ప్రారంభమైన పాంబన్ వంతెన మీద మాత్రం సముద్రపు ఉప్పుగాలికి ఉక్కు తినివేయబడి, 2022 డిసెంబరులో రైళ్లను పూర్తిగా ఆపివేయవలసి వచ్చింది. కాబట్టి ఎన్నేళ్లు గడిచాయన్న దానికంటే, ఆ ఏళ్లలో వంతెన ఎంత బరువు మోసింది, ఎలాంటి గాలికీ నీటికీ తట్టుకుంది, దాన్ని ఎంత శ్రద్ధగా చూసుకున్నారు అన్నవే ముఖ్యం.

మీ మార్గం విషయానికి వస్తే, కాజీపేట, బల్హార్షాల మధ్య పట్టాలు పూర్తిగా కలిసి, ఢిల్లీ నుంచి మద్రాసుకు నేరుగా రైలు నడిచే వీలు 1929లో కలిగింది. అప్పుడు వేసినది ఒంటి లైను. రెండో లైను తర్వాతి కాలంలో వచ్చింది, మూడోది ఇప్పుడు వస్తోంది. అందువల్ల ప్రయాణికుల దృష్టిలో గోదావరి వంతెన ఒకటే అయినా, పరీక్షించే ఇంజినీరు దృష్టిలో ప్రతి లైనుకూ వేరే వంతెన, వేరే పుట్టుక, వేరే రికార్డు ఉంటాయి. మీ ఫోనుకు వచ్చిన సందేశాలలో ఈ తేడా కనిపించదు.

వంతెనను పరీక్షించేవారు దాన్ని ఒకే వస్తువుగా చూడరు. పైన పట్టాలను మోసే గర్డర్లు, గర్డర్ల కొసలను ఆనించే బేరింగులు, నదిలో నిలిచే స్తంభాలు, నదీగర్భంలోని పునాదులు, రెండు ఒడ్డుల దగ్గరి గోడలు, వంతెనకు చేరే మట్టికట్ట, ఇలా ఒక్కొక్క భాగాన్నీ విడిగా చూసి దానికి ఒక అంకె వేస్తారు. 1 అంటే వెంటనే మార్చాలని, 2 అంటే ప్రణాళిక వేసుకుని మార్చాలని, 3 అంటే పెద్ద మరమ్మతు కావాలని, 4 అంటే మామూలు నిర్వహణ చాలునని, 5 అంటే దృఢంగా ఉందని అర్థం. చివరకు మొత్తం వంతెనకు ఇచ్చే అంకె వీటన్నిటి సగటు కాదు. అన్నిటిలోకీ బలహీనమైన భాగానికి ఏ అంకె వచ్చిందో అదే వంతెన అంకె. గర్డర్లు ఎంత కొత్తవైనా, పునాది చెడితే ఆ వంతెన చెడినట్టేనని ఈ పద్ధతి ఒప్పుకుంటుంది. ఇది ఎంతో న్యాయమైన పద్ధతి అని నా అభిప్రాయం.

గర్డర్లకు వచ్చే ప్రధానమైన జబ్బు అలసట. సన్నని తీగను అటూ ఇటూ వంచుతూ పోతే కొంతసేపటికి విరిగినట్టే, లక్షల చక్రాలు దాటిన ఉక్కులో కంటికి కనిపించని పగుళ్లు మొదలవుతాయి. మన మార్గం సింగరేణి బొగ్గు నడిచే మార్గం కాబట్టి ఈ విషయం మనకు మరీ దగ్గరిది. బొగ్గు మోసే బాక్సెన్ వ్యాగన్‌ను రూపొందించినప్పుడు ఒక్కొక్క ఇరుసు మీద పడే బరువు 20.32 టన్నులు, అంటే నాలుగు ఇరుసుల వ్యాగన్ మొత్తం బరువు 81 టన్నులకు కొంచెం పైన ఉండేది. తర్వాత వచ్చిన రకాలలో ఇరుసు బరువు 22.9 టన్నులకు చేరింది. 58 వ్యాగన్ల గూడ్సు బండి పూర్తి బొగ్గుతో దాటితే, మునుపటికంటే దాదాపు 600 టన్నులు ఎక్కువ బరువు వంతెన మీదుగా వెళుతుంది. ఉక్కు అలసటను అంచనా వేసే స్థూల నియమం ప్రకారం ఇరుసు బరువు ఎనిమిదో వంతు పెరిగితే నష్టం కూడా ఎనిమిదో వంతే పెరగదు. ఒక్కొక్క చక్రం దాటినప్పుడు కలిగే నష్టం దాదాపు 40 శాతం పెరుగుతుంది. తేలికైన పెట్టెలను లాగే ఆవిరి ఇంజన్ల కాలంలో కట్టిన గర్డర్లను, ఏ తుప్పూ లేకపోయినా, మార్చవలసి రావడానికి ఇదే పెద్ద కారణం.

పాత గర్డర్ల ముక్కలను రివెట్లతో, అంటే రెండు కొసలా తలలుండే ఉక్కు మేకులతో, బిగించేవారు. వంతెనల విభాగంలో పనిచేసిన రోజుల్లో నేను మొదట నేర్చుకున్న పని చిన్న సుత్తితో రివెట్ తలను ఒక పక్కన కొడుతూ, మరో పక్కన వేలు ఆనించి కదలికను గుర్తించడం. గట్టిగా ఉన్న రివెట్ కంచులా మోగుతుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. దాని చుట్టూ ఎర్రని తుప్పు చార కారి ఉంటే అనుమానమే అక్కరలేదు. ఇప్పుడు ఎన్నో పరికరాలు వచ్చినా ఆ సుత్తి పరీక్షను మానలేదు.

బేరింగుల గురించి సాధారణంగా ఎవరూ అడగరు కానీ, ఎండలు మండే రామగుండం ప్రాంతంలో వాటిని మరిచిపోకూడదు. ఉక్కు వేడికి సాగుతుంది. 61 మీటర్ల గర్డర్ చలికాలపు తెల్లవారుజామున ఉన్నదానికంటే 40 డిగ్రీలు ఎక్కువగా వేడెక్కితే దాదాపు 3 సెంటీమీటర్లు పొడవు పెరుగుతుంది. ఆ మేరకు జరగడానికే గర్డర్ ఒక కొసకు కదిలే బేరింగు పెడతారు. దుమ్ము పట్టి, తుప్పు పట్టి అది బిగుసుకుపోతే, సాగిన గర్డర్ ఆ బలాన్నంతా స్తంభం తల మీద చూపిస్తుంది, రాతికట్టు పగులుతుంది. మూడేళ్లకు ఒకసారి బేరింగులను శుభ్రం చేసి గ్రీజు పెట్టాలన్న నియమం అందుకే ఉంది. ఎంతో చవకైన ఆ పనిని వాయిదా వేస్తే, తర్వాత ఎంతో ఖరీదైన పని మీద పడుతుంది.

అన్నిటికంటే లోతైన ప్రశ్న పునాదిది. వరదలో స్తంభానికి తగిలిన నీరు కిందికి సుడి తిరిగి, దాని మొదట్లో ఇసుకను తవ్వుకుపోతుంది. వరద తగ్గేటప్పుడు అదే గుంతలోకి మళ్లీ ఇసుక చేరుతుంది కాబట్టి, ఎండాకాలంలో చూసినవారికి ఏమీ జరగనట్టే ఉంటుంది. అందువల్ల వరద మట్టం నుంచి కొలిచి నది ఎంత లోతుకు కోయగలదో లెక్కగట్టి, స్తంభం మొన దగ్గర అది రెట్టింపు లోతుకు పోవచ్చునని భావించి, పునాదిని ఇంకా కిందికి దింపుతారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు పైన మంచిర్యాలలో కాలనీలు ఎలా మునిగాయో మీరు కళ్లారా చూసి ఉంటారు. అంతటి వరద వెళ్లిన తర్వాత స్తంభాల మొదళ్ల లోతును కొలిచి పాత లెక్కలతో పోల్చడం తప్పనిసరి.

ఈ విషయంలో మనుషులు చేసే చెరుపు కూడా ఉంది. ఎగువన ఎల్లంపల్లి లాంటి ఆనకట్టలు ఇసుకను ఆపుతాయి. ఇసుక లేకుండా దిగువకు వచ్చిన నీరు నదీగర్భాన్నే కోసుకుంటుంది. దానికి తోడు వంతెన దగ్గర ఇసుక తవ్వితే, కట్టిన నాడు భూమిలో ఉన్న పునాది భాగం క్రమంగా బయటపడుతుంది. వంతెనలకు 500 మీటర్ల లోపు ఇసుక తీయరాదని వాల్టా (నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టం) నిబంధనలు చెబుతున్నాయి. మానేరులోనైనా గోదావరిలోనైనా ఆ హద్దును మీరి లారీలు దిగుతున్నట్టు కనబడితే, అది ఇసుక దొంగతనం మాత్రమే కాదు, వంతెన పునాదిని తవ్వడం కూడా అని గ్రహించి ఫిర్యాదు చేయండి.

ఇక మీ భయం గురించి. వంతెన మీద రైలు నెమ్మదిగా నడిచినంత మాత్రాన అది కూలబోతోందని అర్థం కాదు. అనుమానం వచ్చిన చోట ముందుగా చేసే పని వేగం తగ్గించడమే. వేగం తగ్గితే చక్రాల అదురు తగ్గుతుంది, అదురు తగ్గితే గర్డర్ మీది అదనపు ఒత్తిడి తగ్గుతుంది. అయితే వేగపరిమితి అన్నది తాత్కాలికమైన మందు. అది ఏళ్ల తరబడి అలాగే కొనసాగుతుంటే, ఎందుకని అడిగే హక్కు ప్రయాణికులకు ఉంది.

ప్రశ్న: రోజంతా రైళ్లు తిరిగే మార్గంలో రైళ్లు ఆపకుండా పాత వంతెనను తీసి కొత్తది ఎలా పెడతారు?
– ఒక డిగ్రీ విద్యార్థి, కాజీపేట

జవాబు: రెండు దారులు ఉన్నాయి. స్తంభాలు, పునాదులు గట్టిగా ఉండి గర్డర్లు మాత్రమే అలసిపోయినప్పుడు, పాత స్తంభాల మీదనే కొత్త గర్డర్లను ఎక్కిస్తారు. పాత గర్డర్‌కు ఒక పక్కన తాత్కాలికమైన ఉక్కు ఆధారాలు నిలిపి, కొత్త గర్డర్‌ను వాటి మీద ముందుగానే బిగించి సిద్ధం చేసుకుంటారు. ఆ తర్వాత ముందే నిర్ణయించిన కొన్ని గంటల బ్లాకు, అంటే ఆ లైను మీద రైళ్లు నడపని విరామం, తీసుకుని, పట్టాలను విప్పి, పాత గర్డర్‌ను ఒక పక్కకు జరిపి, దాని స్థానంలోకి కొత్తదాన్ని జాకీలతో, వించిలతో జరుపుతారు. చిన్న గర్డర్లయితే క్రేనుతో ఎత్తి పెడతారు. ఒక బ్లాకులో ఒక ఖానా (రెండు స్తంభాల మధ్య భాగం) చొప్పున పని సాగుతుంది. ఆ కొన్ని గంటల పని వెనుక నెలల తరబడి కొలతలు, రిహార్సళ్లు ఉంటాయి. ఒక బోల్టు రంధ్రం తప్పిపోయినా ఢిల్లీ నుంచి వచ్చే బండి మంచిర్యాలలో నిలిచిపోతుంది.

పునాదులే చాలకపోతే, పక్కనే పూర్తిగా కొత్త వంతెన కట్టడం ఒక్కటే దారి. ఇసుక నేలలో బావి తవ్వుతూ వరలు దింపడం చూసినవారికి బావి పునాది సులువుగా అర్థమవుతుంది. కాంక్రీటు గోడను పైన పేర్చుకుంటూ, లోపలి ఇసుకను తోడుతూ పోతే, గోడ తన బరువుతో తానే దిగుతుంది. తేడా అంతా పరిమాణంలోనే ఉంది. గోదావరిలో ఈ పనికి జూన్ లోపు వీలున్నంత భాగం ముగించుకోవాలి. వరద వస్తే మళ్లీ నీరు తగ్గేవరకు ఆగవలసిందే.

రాజమహేంద్రవరంలో జరిగినది ఈ రెండో దారికి మంచి ఉదాహరణ. అక్కడ 1900లో ప్రారంభమైన హేవ్‌లాక్ వంతెన 1997 వరకు రైళ్లను మోసింది. దానికి బదులుగా కాంక్రీటు కమానుల కొత్త వంతెన పక్కన సిద్ధమైన తర్వాతే పాతదానికి విశ్రాంతి ఇచ్చారు. పాంబన్‌లో ఇంకోలా జరిగింది. పాత వంతెన మీద రైళ్లు ఆగిన నాటి నుంచి 2025 ఏప్రిల్ 6న కొత్తది ప్రారంభమయ్యేవరకు, రెండేళ్లకు పైగా, రామేశ్వరం వెళ్లేవారు మండపం దగ్గర రైలు దిగి రోడ్డు మీద వెళ్లవలసి వచ్చింది. కాజీపేట–బల్హార్షా లాంటి ప్రధాన మార్గంలో అలాంటి విరామాన్ని ఊహించలేము. అందుకే మూడో లైను కోసం కట్టే వంతెనలను అదనపు రైళ్ల కోసం మాత్రమే కాక, పాత వంతెనలను ఒక్కొక్కటిగా తీరికగా బాగుచేసుకోవడానికి దొరికిన అవకాశంగా కూడా చూడాలని నేను గట్టిగా కోరుతున్నాను. మూడు లైన్లు ఉన్నప్పుడు ఒకదాన్ని కొన్ని వారాలు మూసినా బండ్లు నడుస్తాయి.

కొత్త వంతెన పూర్తయినంత మాత్రాన రైళ్లు పరుగెత్తవు. రైల్వే భద్రతా కమిషనర్ అనుమతి కావాలి. ఆ కమిషనర్ రైల్వే శాఖ కింద కాక పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారు. కట్టినవారే తమ పనికి తాము మార్కులు వేసుకోకుండా చేసిన ఏర్పాటు అది.

ప్రశ్న: మాది జనగామ పక్కన పల్లె. గోదావరి వంతెన గురించి అందరూ మాట్లాడతారు. మా పొలాల దగ్గర రైలు కట్ట కింద చిన్న మోరీలు ఉన్నాయి. పై చెరువు మత్తడి దుంకిన ప్రతిసారీ ఆ నీళ్లు కట్టకు ఆనుకుని నిలుస్తాయి. వీటిని ఎవరైనా పట్టించుకుంటారా?
– ఒక రైతు, జనగామ

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటిలోనూ నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసినది మీ ఉత్తరమే. మన ప్రాంతపు రైల్వే చరిత్రలో ప్రాణాలు తీసిన వంతెనలు పెద్ద నదుల మీదివి కావు, ఇలాంటి వాగుల మీదివే. 1954 సెప్టెంబరు చివరి వారంలో మీ జనగామ దగ్గరే యశ్వంతాపూర్ వాగు వంతెన వరదకు కూలి, రాత్రివేళ రైలు నీటిలో పడి వంద మందికి పైగా చనిపోయారు. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర మరో వంతెన కూలి మళ్లీ వంద మందికి పైగా పోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చినా ప్రధాని అంగీకరించలేదు. ఆ నవంబరులో తమిళనాడులోని అరియలూరు ప్రమాదం తర్వాతే అది ఆమోదం పొందింది. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర ఒక చెరువుకు గండి పడి, ఆ నీరు చిన్న వంతెనను కొట్టుకుపోగా, తెల్లవారుజామున డెల్టా ప్యాసింజర్ అందులో పడింది. అప్పుడు కూడా మృతులు వంద దాటారు.

కారణం మన నేల తీరులోనే ఉంది. కాకతీయుల కాలం నుంచి ఇక్కడి చెరువులు గొలుసుకట్టుగా ఉన్నాయి. పై చెరువు మత్తడి (అలుగు) నీరు కింది చెరువుకు చేరుతుంది. గొలుసులో ఒక కట్ట తెగితే దాని నీరంతా ఒక్కసారిగా కింది కట్ట మీద పడుతుంది. నీటి దృష్టిలో రైలు కట్ట కూడా అడ్డంగా వేసిన మరో చెరువు కట్టే, కాకపోతే దానికి మత్తడి లేదు. ఉన్నదల్లా ఆ మోరీ. మోరీ వెడల్పును వాన నీటిని లెక్కగట్టి నిర్ణయిస్తారు కానీ, తెగిన చెరువు నీరు వాన లెక్కకు లొంగేది కాదు. మోరీలో పట్టని నీరు కట్ట వెంట పైకి లేచి, మట్టిని నానబెట్టి, చివరకు పట్టాల కింది కంకరను ఊడ్చుకుపోతుంది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య జరిగినది అదే. కింది మట్టి పోయి పట్టాలు గాలిలో వేలాడిన దృశ్యాలను అందరమూ చూశాము. రైళ్లను ఆపివేసినందువల్ల ప్రయాణికులకు ప్రాణహాని తప్పింది.

పట్టించుకునే ఏర్పాటు లేదని అనలేను. తెగితే రైలు కట్టకు ముప్పు తెచ్చే చెరువుల జాబితా రైల్వే దగ్గర ఉంటుంది, వానాకాలానికి ముందు రాష్ట్ర అధికారులతో కలిసి వాటిని చూడాలి. వానల్లో రాత్రిపూట పట్టాల వెంట గస్తీ తిరిగే సిబ్బంది ఉంటారు, ముప్పున్న వంతెనల దగ్గర కాపలా మనిషిని పెడతారు, స్తంభం మీద ప్రమాద మట్టాన్ని రంగుతో గుర్తిస్తారు. అయితే జాబితాలోకి ఎక్కని కుంటలు, ఈమధ్య వెంచర్ల కోసం పూడ్చిన వాగులు, మోరీకి అడ్డంగా పేరుకున్న చెత్త, ఇవి కాగితాల మీద కనబడవు. పెద్ద వంతెనను మార్చడానికి కోట్లు వెచ్చించే చోట, మోరీ పక్కన కట్టను తొలిచి అదనంగా ఒక కాంక్రీటు పెట్టెను నెట్టి నీటిదారిని పెంచడం చిన్న పని. పట్టాలు తీయకుండానే చేయవచ్చు. శిలాఫలకం వేయడానికి వీలులేని పని కాబట్టి అది వెనుకబడకూడదు.

మీరు చేయదగినది ఒకటి ఉంది. మత్తడి దుంకినప్పుడు నీరు కట్ట మీద ఎంత ఎత్తుకు వచ్చిందో గుర్తుపెట్టి, తేదీతో, ఫొటోతో, పక్కనున్న కిలోమీటరు రాయి మీది అంకెతో రాసి, పంచాయతీ తీర్మానంగా నీటిపారుదల శాఖకూ స్టేషన్ మాస్టర్ ద్వారా రైల్వే ఇంజినీరింగ్ విభాగానికీ పంపండి. కిలోమీటరు అంకె లేని ఫిర్యాదుతో ఆ మోరీ ఎక్కడుందో వెతకడానికే సమయం పోతుంది.

ప్రశ్న: పట్టాల పక్కన కట్ట కోసుకుపోతున్నట్టు కంటపడితే వెంటనే ఎవరికి చెప్పాలి?
– ఒక పాఠకుడు, కాగజ్‌నగర్

జవాబు: దగ్గరలో గేటు ఉంటే గేట్‌మన్‌కు, లేకపోతే స్టేషన్ మాస్టర్‌కు చెప్పండి. ఆ రెండూ దూరమైతే 139 నంబరుకు ఫోను చేసి, కిలోమీటరు రాయి అంకె, రెండు వైపులా ఉన్న స్టేషన్ల పేర్లు చెప్పండి. రైలు వస్తున్నట్టు కనబడితే, కోత పడిన చోటికి దూరంగా, రైలు వచ్చే దిక్కుకు ముందుకు వెళ్లి, పట్టాలకు పక్కన నిలబడి, చేతిలో ఉన్న గుడ్డను లేదా రాత్రయితే దీపాన్ని అడ్డంగా ఆగకుండా వేగంగా ఊపండి. పట్టాల మధ్యకు గానీ వంతెన మీదికి గానీ వెళ్లవద్దు.